పెరటిలో కూరగాయల మడికి చోటు ఎంచుకునే ముందు

పెరటిలో కూరగాయల మడి వేయదలచినవారు, ఖాళీగా కనిపించిన మూలను వెంటనే తవ్వేయకుండా, ఆ చోట ఎండ ఎప్పుడు పడి ఎప్పుడు తొలగిపోతుందో ఒక సెలవురోజున గంట గంటకూ గమనించడం మంచిది. టమాటా, వంగ, బెండ, మిరపలకు రోజుకు కనీసం 6 గంటల నేరుటెండ కావాలి. పాలకూర, కొత్తిమీర వంటివి అంతకంటే తక్కువ ఎండతోనూ సరిపెట్టుకుంటాయి.

వేసవిలో చూసిన నీడను నమ్ముకోవడం చాలామంది చేసే పొరపాటు. శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు కనుక, విజయవాడ ప్రాంతంలో డిసెంబరు నెల మిట్టమధ్యాహ్నం కూడా 6 అడుగుల ప్రహరీ నీడ ఉత్తరం వైపు సుమారు 5 అడుగుల మేర పరచుకుంటుంది. అందువల్ల దక్షిణపు గోడను ఆనుకుని మడి కట్టకూడదు. బీర, సొర పందిరి ఉత్తరపు అంచున ఉంటే మిగతా మొక్కలకు అడ్డు రాదు.

వేపచెట్టు దాపున వేళ్ల పోటీ తప్పదు. మడికి ఎంచుకున్న చోట నీరు ఇంకుతుందో లేదో తెలుసుకోవడానికి అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి చూడండి. మర్నాటికీ ఇంకకపోతే అక్కడ మడిని ఎత్తుగా కట్టవలసిందే. కుళాయి దగ్గరగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.