పెద్ద మురుగు సొరంగాలకు కాంక్రీటు లైనింగ్ – 4వ పాఠం: పైకప్పు నింపడం

పోయిన పాఠంలో సెగ్మెంట్ల (ముందే పోసిన కాంక్రీటు ముక్కల) రింగు బిగించి, దాని వెనకున్న ఖాళీలో గ్రౌట్, అంటే పలచటి సిమెంటు ముద్ద, నింపాం. మట్టి బరువునీ, బయటి నీటి ఒత్తిడినీ మోసేది ఆ రింగే. మరి లోపల ఇంకో పొర కాంక్రీటు ఎందుకంటే, మురుగు వల్ల. నీళ్ల కింద గోడకి పట్టే జిగురు పొరలోని బాక్టీరియా సల్ఫేటును సల్ఫైడ్‌గా మారుస్తుంది, అందులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకి లేచి తడిగా ఉన్న పైకప్పుకి చేరుతుంది, అక్కడ ఇంకో రకం బాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. కొత్త కాంక్రీటు పీహెచ్ 12 పైన ఉంటుంది. బాగా దెబ్బతిన్న చోట 1, 2 దాకా దిగి, వేలితో గీకినా రాలే తెల్లటి ముద్దగా తయారవుతుంది. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే అడుగు భాగానికి ఈ బాధ లేదు. ఆమ్లం తినేది పైకప్పుని, పోసేటప్పుడు సరిగ్గా నిండనిదీ పైకప్పే. అందుకే ఈ పాఠమంతా దాని మీదే.

పట్టాల మీద నడిచే ఉక్కు షట్టర్ (కాంక్రీటు పోసే అచ్చు) పెట్టాక, పక్క కిటికీల్లోంచి కుడీ ఎడమా మార్చి మార్చి పోయండి. ఒక పక్క ఎక్కువైతే షట్టర్ జరిగిపోతుంది. తర్వాత కిటికీలు మూసి, పైనున్న వాల్వ్‌లోంచి పంపు చేయాలి. పాత పోత అంచు దగ్గర మొదలుపెట్టి రెండో చివరికి నెట్టుకుంటూ వెళ్లండి, గాలి గొట్టం ఆ చివర అన్నిటికన్నా ఎత్తైన చోట ఉండాలి. గొట్టంలోంచి ముందు నీళ్లలాంటి సిమెంటు పాలు వస్తాయి, అది చూసి పంపు ఆపేస్తారు చాలామంది! ఆపకండి. కంకరతో కలిసిన చిక్కటి కాంక్రీటు వచ్చేదాకా పంపు చేస్తూనే ఉండండి.

గాలి గొట్టం ఎత్తైన చోటే ఉండాలంటే నమ్మకం కుదరకపోతే ఒక పారదర్శక సీసాని అడ్డంగా పడుకోబెట్టి, పక్కన బెజ్జం చేసి సిమెంటు పాలు పోసి చూడండి. మూతి కొంచెం కిందకి వంచితే పైన బుడగ ఎక్కడికీ పోదు, మూతి పైకెత్తితే వెళ్లిపోతుంది.

ఎంత జాగ్రత్తగా పోసినా, కాంక్రీటు కుంగి పైన సన్నని ఖాళీ మిగులుతుంది. అందుకే పోసేటప్పుడే పైభాగంలో గొట్టాలు వదిలి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిలోంచి తక్కువ ఒత్తిడితో గ్రౌట్ ఎక్కిస్తారు. ఒత్తిడి పెంచితే లోపలి పొరే పగులుతుంది. సుత్తితో తట్టి చూడండి: నిండిన చోట ఖంగుమంటుంది, ఖాళీ ఉన్న చోట డొల్లగా పలుకుతుంది.

ఆమ్లం మరీ ఎక్కువ వచ్చే సొరంగాల్లో షట్టర్ మీద ముందే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు పరుస్తారు. దాని వీపున ఉండే పక్కటెముకలు కాంక్రీటులో ఇరుక్కుని పట్టుకుంటాయి. నా లెక్కలో షీటు కన్నా అతుకులే ముఖ్యం. సూది బెజ్జం ఉన్నా ఆమ్లం లోపలికి పోతుంది. అతికాక ప్రతి అతుకు మీదా ఎక్కువ వోల్టేజీ బ్రష్ నడిపిస్తే బెజ్జం ఉన్న చోట చిటుక్కుమని నిప్పురవ్వ దూకుతుంది. సుద్దతో చుట్టూ గుర్తు పెట్టి, మళ్లీ అతికి, మళ్లీ బ్రష్ నడపండి.