తలకు దెబ్బ తగిలిన మనిషితో మాట: నాలుగో పాఠం

ఈసారి మతిమరుపు గురించి రాయాల్సింది. మీ ఉత్తరాలు చదివాక దాన్ని పక్కన పెట్టాను. దెబ్బ తగిలిన మనిషి సొంతవాళ్లనే "మీరు మావాళ్లు కాదు" అంటే ఏం చేయాలన్నదానికి పోయిన పాఠంలో "వాదించకండి" అని ఒక్క ముక్కతో వదిలేయడం నా తప్పే.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకావిడ నిజంగానే వాదించలేదు. బైకు ప్రమాదం నుంచి కోలుకుని ఇంటికొచ్చిన భర్త "నువ్వు అచ్చం మా ఆవిడలాగే ఉన్నావు, కానీ ఆవిడవి కాదు" అంటే, మాట్లాడకుండా ఆధార్ కార్డు, పెళ్లి ఆల్బమ్ తెచ్చి ముందు పెట్టారు. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "ఫోటోలు కూడా సంపాదించావా?" అన్నారు. ఆ రాత్రి ఆవిడ వడ్డించిన అన్నం ముట్టలేదు.

రుజువు చూపించడమూ వాదనే. ఆయనకు ముఖం తెలియక కాదు. ముఖాలే పోల్చుకోలేకపోవడం వేరే సమస్య, దయచేసి రెంటినీ కలపకండి. ఇక్కడ ముఖం సరిపోతుంది, దాని వెంట రావలసిన ఆత్మీయత రాదు. 1923లో ఫ్రాన్సులో కాప్‌గ్రా అనే మనోవైద్యుడు వర్ణించిన భ్రమ ఇది. 1997లో రామచంద్రన్, హిర్‌స్టైన్ ప్రచురించిన పరిశోధనలోని యువకుడు కారు ప్రమాదం తర్వాత తల్లిదండ్రులను మోసగాళ్లన్నాడు. వాళ్ల ఫోటోలు చూపించినా, అయినవాళ్లను చూసినప్పుడు చర్మంలో సహజంగా రావలసిన సన్నటి చెమట స్పందన అతనిలో కనిపించలేదు. అదే తండ్రి ఫోనులో మాట్లాడితే మాత్రం నాన్నే అన్నాడు. చాలామందిలో గాయం మెదడు కుడివైపు ఉంటుంది. చాలామందిలో గాయం మెదడు కుడివైపు ఉంటుంది. అందుకే పోలిక ఎంత బాగా కుదిరితే, ఎదుటి మోసగాడు అంత నేర్పరి అనిపిస్తాడు.

"ఇది మా ఇల్లు కాదు, అలాగే ఇంకోటి కట్టారు" అనే మెహిదీపట్నం పెద్దాయనదీ దీనికి దగ్గరి చుట్టమే.

నేను ముందు గొంతు వినిపించమంటాను. వంటింట్లోంచి పలకరించి, జవాబు వచ్చాకే ఎదుటికి వెళ్లండి. అందరికీ పనిచేయదు, అయినా మొదట ఇదే చేసి చూడండి. "అవును, నేను వేరే మనిషినే" అని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. "భయంగా ఉందా? నేను ఇక్కడే కూర్చుంటాను. అన్నం మీరే వడ్డించుకుంటారా?" అనండి చాలు.

చెయ్యి ఎత్తితే గదిలోంచి వచ్చేయండి. కొత్తగా తలనొప్పి, మగత, వాంతులు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ మనసు అలిసిపోతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలిమానస్ 14416కు ఫోను చేయండి.

అభ్యాసం: ఏడు రోజులు "నేనే కదా" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, వచ్చే చుట్టాలతో సహా. ఆయన అనుమానించిన ప్రతిసారీ టైము, ఆయన అన్న మాట అన్నట్టుగా, అప్పుడు మీ ముఖం కనిపించిందా, గొంతు మాత్రమే వినిపించిందా అన్నది పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టండి.