మిలిటరీ నుంచి వచ్చి ఫైనాన్స్ లైన్‌లో చేరే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు డిశ్చార్జ్ అయి వస్తున్న మన అన్నదమ్ముల కోసం.

• గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకున్న) డబ్బు కదపకండి. "డిపాజిట్ కట్టండి, బ్రాంచ్ మేనేజర్‌ని చేస్తాం" అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు. ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా ఉండి సంపాదించింది ఒక్క సంతకంతో పోతుంది.

• ఒడియా రాయడం ఇప్పుడే మొదలుపెట్టండి. ఒడిశాలో బ్యాంకు క్లర్క్ పోస్టుకు ఆ భాష చదవడం, రాయడం రావాలి. మనలో చాలామంది తెలుగు మీడియం. సంతలో మాట్లాడే ఒడియా దానికి చాలదు. ఇంట్లో పిల్లల పుస్తకాలతోనే మొదలుపెట్టండి, సిగ్గేం లేదు.

• డిశ్చార్జ్ బుక్, పాన్, ఆధార్‌లలో పేరు ఒకేలా ఉందా? మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడుతుంది. వెరిఫికేషన్‌లో ఆగిపోతారు.

• మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ఎన్‌ఐఎస్‌ఎం 5-ఎ (మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ల పరీక్ష) పాసై, ఏఆర్‌ఎన్ (డిస్ట్రిబ్యూటర్ రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి. 100కి 50 వస్తే పాస్, సర్టిఫికెట్ 3 ఏళ్లు. నంబరు రాకముందు తోటి జవాన్ల డబ్బు చేతిలోకి తీసుకోకండి.

• వయసు దాటిందని టెన్షన్ వద్దు. బ్యాంకు క్లర్క్ పోస్టుకు వయసు పరిమితిలో మీరు మిలిటరీలో చేసిన సర్వీసు కాలం, దానిపై మరో 3 ఏళ్లు సడలింపు ఉంది, గరిష్ఠంగా 50 ఏళ్ల వయసు వరకు.