వానల ముందు గ్రావెల్ గోతిలో దిగేవాళ్లకు: గట్టును కింద తొలచొద్దు

పోయిన వారం పర్లాకిమిడి వైపు ఓ గ్రావెల్ గోతిలో గట్టు కూలి టిప్పరు క్యాబిన్ అణిగిపోయింది. డ్రైవరు టీ తాగడానికి పక్కకెళ్లాడు కాబట్టి బతికాడు. ఫోన్లో ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు. ఇంకో పది రోజుల్లో వానలు పడతాయి. రోడ్లు, పునాదులు, చెరువు గట్లు, అన్నీ ఈలోపే తెమిలిపోవాలని అందరికీ తొందర.

హెల్మెట్, బెల్టు, రివర్స్ హారన్ సంగతి మీకు తెలిసిందే. వాటి జోలికి పోను.

నౌపడ-గుణుపూర్ చిన్నలైనును బ్రాడ్‌గేజ్ చేస్తున్న రోజుల్లో నేను కట్ట పనికి హెల్పర్‌గా చేరాను. గ్రీజు కొట్టి, బకెట్ పళ్లు మార్చి, ఆ తర్వాతే పొక్లెయిన్ సీటెక్కాను. ఇన్నేళ్లలో మనుషుల్ని మింగిన తప్పు ఎక్కువసార్లు చూసింది ఒక్కటే. గట్టును పైనుంచి దించుకుంటూ రాకుండా కింద తొలిచేయడం.

ఎందుకు చేస్తారో నాకు తెలుసు. కింద నాలుగు బకెట్లు లాగితే పైమట్టి దానంతటదే జారి వస్తుంది. డీజిల్ మిగులుతుంది, టిప్పరు తొందరగా నిండుతుంది, ఓనరు సంతోషిస్తాడు. నేనూ అలాగే చేసేవాణ్ణి.

ఓ రోజు గెడ్డ (వాగు) పక్క గోతిలో పని. రాత్రంతా వాన, తెల్లారేసరికి ఫెళ్లున ఎండ. గుణుపూర్ దగ్గరి సవర కుర్రాడు నా హెల్పరు. బకెట్ దించి పెడితే పిన్నులకు గ్రీజు కొడుతున్నాడు. ముందు అద్దం మీద సన్నమట్టి చిటపట రాలింది. తలెత్తి చూశాను. అంచున ఉన్న జీడిచెట్టు వేరు ఒకటి కదులుతోంది. గాలి మాత్రం లేదు. "పొళా! పొళా!" (పారిపో) అని ఒడియాలో అరిచాను. రెండంగలు వేశాడో లేదో, నడుము దాకా మట్టి పట్టేసింది. చేతులతోనే తవ్వి తీశాం. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తూనే నడుస్తాడు. ఆ గట్టు కింద తొలిచింది నేనే.

వాన కురుస్తున్నప్పుడే గట్టు కూలుతుందని చాలామంది అనుకుంటారు. వాన వెలిశాక కూడా కూలుతుంది. అంచుకు కాస్త వెనక నేల బీట్లు వారుతుంది, నీళ్లు ఆ బీటల్లోకి దిగి మట్టిని బరువెక్కించి ముందుకు తోస్తాయి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు మట్టిగడ్డ తడిస్తే రెండు టన్నులకు దగ్గర తూగుతుంది. అంత బరువు కింద ఆనుకునే మొదలునే మనం తీసేస్తే ఇంకేం ఆపుతుంది? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వానలకు ఒడిశాలోని గజపతి జిల్లా బరఘరలో కొండచరియలు విరిగిపడి ఊరివాళ్ల ప్రాణాలు తీశాయి. ఎవరూ తొలవని కొండే అలా జారితే, మనం తొలిచిన గట్టు నిలబడుతుందా?

ఇది నా సొంత పైత్యం కాదు. 1961 నాటి మెటాలిఫెరస్ (బొగ్గు, చమురు కాని) గనుల నిబంధనల్లో 106వది చూడండి. మొరం, గ్రావెల్, బంకమట్టి అయితే గట్టు వాలు 45 డిగ్రీలకు మించకూడదు. లేదా మెట్లు మెట్లుగా కొట్టాలి, మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకంటే తగ్గకూడదు. పైభాగం ముందుకు వాలేలా కింద తవ్వకూడదని కూడా అందులోనే ఉంది.

పొద్దున్నే, ఇంజను స్టార్ట్ చేయకముందే, దూరం నుంచి చుట్టూ తిరిగి గట్టు పైకెళ్లండి. అంచు దగ్గరికి పోకుండా బీటలున్నాయేమో చూడండి. నిన్న లేని బీట ఇవాళ కనిపిస్తే ఆ పక్క పని లేదు. గట్టు మొదట్లో నీరు ఊరుతున్నా అంతే.

చెయిన్లు గట్టుకు ఎదురుగా ఉండాలి, అడ్డంగా కాదు. ఎదురుగా ఉంటే లివర్లు లాగగానే వెనక్కి వచ్చేస్తారు. అడ్డంగా పెడితే మిషన్ తిరిగేలోపే మట్టి మీదికొస్తుంది. టిప్పరును కూడా గట్టు నీడలో నిలబెట్టనివ్వకండి. బకెట్ క్యాబిన్ మీదుగా తిప్పకండి.

గ్రీజు పని, పళ్లు మార్చే పని గట్టుకు దూరంగా తీసుకొచ్చి చేయండి. బకెట్ నేల మీద, ఇంజను బంద్, లాక్ లివర్ (కంట్రోళ్లు పనిచేయకుండా ఆపేది) వేసి ఉండాలి. హోస్ నుంచి ఆయిల్ సన్నగా చిమ్ముతుంటే చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. చుక్కంత గాయమే కదా అని ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

మిషన్ వెనకుండే బరువు దిమ్మకీ (కౌంటర్‌వెయిట్) గట్టుకీ మధ్య మనిషి నిలబడకూడదు. హెల్పరు కంటికి కనబడకపోతే స్వింగ్ (మిషన్ తిప్పడం) ఆపండి.

బూమ్ (మిషన్ పొడవాటి చెయ్యి) కరెంటు తీగకు తగిలితే దిగొద్దు, ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దు, లైను ఆపించేదాకా సీట్లోనే ఉండండి. మంటలు లేస్తే మాత్రం మిషన్‌ను పట్టుకోకుండా రెండు కాళ్లూ కలిపి దూకండి, కలిపే గెంతుకుంటూ దూరం పోండి.

మిషన్ ఒరిగితే దూకొద్దు.

చీకటి పడ్డాక గోతిలో పని వద్దు.

వాన మొదలైతే గట్టు కింద నిలబడొద్దు, టిప్పరు కింద దూరొద్దు.

కింద తొలచొద్దు. ఓనరు పక్కనే నిలబడి చెప్పినా తొలచొద్దు. తాళం తీసి ఆయన చేతిలో పెట్టండి.

మనిషి మట్టిలో కూరుకుపోతే బకెట్ పెట్టకండి. ఒకడు పైన గట్టును కనిపెట్టుకుని ఉండాలి, రెండోసారి కూలుతుంది. ముందు ముఖం, తర్వాత ఛాతీ, చేతులతోనే తీయండి. 108కి ఫోన్ చేయండి, ఒడిశాలో కూడా అదే నంబరు.

గోతి వదిలి వెళ్లేటప్పుడు, మీకన్నా ముందు ఎవరో తొలిచి వదిలేసిన గట్టు ఉంటే పక్కనుంచి బూమ్ పూర్తిగా చాచి పడగొట్టండి. అందకపోతే చుట్టూ ముళ్లకంప వేయించండి. మేకలు కాసే పిల్లలు మధ్యాహ్నం దాని నీడలోనే కూర్చుని అన్నం తింటారు.