నర్సింగ్ హోమ్ నిర్లక్ష్యంతో ఇంట్లోవాళ్లు పోతే: కేస్ షీట్ అడగడం నుంచి వినియోగదారుల కమిషన్ దాకా దరఖాస్తు విధానం

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే ఇరవై, ముప్పై పడకల ప్రైవేటు ఆసుపత్రి. ఈమధ్య పెద్ద ఊళ్లలో ఆ మాటకు ఇంకో అర్థం కూడా కలిసింది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే, మంచం పట్టిన పెద్దవాళ్లను నెలకింత అని తీసుకుని చూసుకునే చోటునూ అలాగే అంటున్నారు. రెండూ డబ్బు తీసుకుని చేసే సేవలే. కాబట్టి అక్కడ నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే నష్టపరిహారం అడిగే దారి రెండింటికీ ఒకటే: వినియోగదారుల కమిషన్. పోలీసు ఫిర్యాదు, మెడికల్ కౌన్సిల్ ఫిర్యాదు వేరు. ఒకటి పెట్టారని ఇంకొకటి పెట్టకూడదనేమీ లేదు.

మొదటి దరఖాస్తు ఆసుపత్రికే

చాలామంది లాయరు దగ్గరికి డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే పట్టుకుని వెళతారు. అది ఆసుపత్రి తన మాటల్లో రాసుకున్న కథ. అసలు సంగతి కేస్ షీట్‌లో (చేరినప్పటి నుంచి రాసే చికిత్స రికార్డులో), అందులోనూ నర్సుల నోట్సులో ఉంటుంది. రాత్రి రెండింటికి బీపీ ఎంత, డాక్టరుకు ఫోన్ ఎప్పుడు చేశారు, ఆయన ఎప్పుడొచ్చారు, మంచం దిగలేని మనిషిని ఎన్ని గంటలకోసారి పక్క మార్చారు, ఇవన్నీ అక్కడే తేలతాయి. పడక పుండ్లు ముదిరి ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి పోయారనుకుంటే, పక్క మార్చిన చార్టును మించిన సాక్ష్యం దొరకదు. ఆ చార్టు లేకపోవడమూ సాక్ష్యమే.

దరఖాస్తు తెల్లకాగితం మీద చాలు. ఇలా రాయండి:

"మేనేజింగ్ డైరెక్టర్ / మెడికల్ సూపరింటెండెంట్ గారికి. మా నాన్నగారు (పేరు, ఐపీ నంబరు) ఫలానా తేదీన మీ ఆసుపత్రిలో చేరి, ఫలానా తేదీన మరణించారు. ఆయన పూర్తి కేస్ షీట్, నర్సుల నోట్సు, మందుల చార్టు, ల్యాబ్ రిపోర్టులు, స్కాన్‌లు, మా చేత సంతకం పెట్టించుకున్న పత్రాలు, వివరాలతో కూడిన బిల్లు, వీటి ప్రతులు 72 గంటల్లో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఫలానా తేదీల సీసీ కెమెరా ఫుటేజీని చెరపకుండా భద్రపరచవలసిందిగా కోరుతున్నాను."

72 గంటల మాట ఊరికే రాసింది కాదు. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నిబంధనల్లోనే ఉంది. అడిగిన 72 గంటల్లోపు రికార్డులివ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి. దరఖాస్తును నేరుగా ఇచ్చి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వాళ్లు తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ఈమెయిల్ కూడా పెట్టండి. డాక్టర్లు లేని సంరక్షణ కేంద్రానికి ఈ నిబంధన నేరుగా వర్తించదు. అయినా రాతపూర్వకంగా అడిగి ఉంటే, రేపు ఆ రికార్డులు తెప్పించమని కమిషన్‌ను కోరడానికి ఆధారం ఉంటుంది. రికార్డులు హాజరుపరచమనే అధికారం కమిషన్‌కు ఉంది.

ఇంకో రెండు కాగితాలు మర్చిపోకండి. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆసుపత్రిలో మరణిస్తే మరణ కారణ ధ్రువపత్రం దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. ఇది మునిసిపాలిటీ ఇచ్చే డెత్ సర్టిఫికెట్ కాదు, వేరే కాగితం. రెండోది, మీసేవ ద్వారా తీసుకునే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. వారసులుగా కేసు వేయడానికి అది కావాలి.

ఆ రాత్రి పెట్టే సంతకాలు

పరిస్థితి చేయి దాటాక "ఇంటికి తీసుకెళ్లిపోండి" అని, వైద్యుల సలహాకు విరుద్ధంగా తామే తీసుకెళుతున్నట్టు కుటుంబం చేత రాయించుకోవడం కొన్నిచోట్ల అలవాటు. ఏడుస్తూ ఉన్న మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. వీలైతే పెట్టకండి. తప్పనిసరైతే "డాక్టరు చెప్పినందున తీసుకెళుతున్నాం" అని మీ చేతిరాతతో పైన రాసి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పెద్దమనుషులు కూర్చుని "ఏదో ఇప్పిస్తాం" అంటూ రాయించే "మాకు ఎలాంటి ఫిర్యాదు లేదు" కాగితమూ ఇలాంటిదే. రేపు ఆసుపత్రి లాయరు ముందుగా చూపించేది దాన్నే. బిల్లు బాకీ ఉందని మృతదేహాన్ని ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం స్పష్టంగా చెబుతోంది.

పోస్టుమార్టం మాట ఎత్తడం ఏ ఇంట్లోనైనా కష్టమే. అనుమానం గట్టిగా ఉంటే మాత్రం అంత్యక్రియలకు ముందే స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇవ్వాలి. పోలీసులు పంచనామా చేసి, శవాన్ని ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతారు. చేయించలేదని కేసు పోదు. కాకపోతే భారం మొత్తం కేస్ షీట్ మీద పడుతుంది.

పోలీసు కేసు

2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకు భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ వర్తిస్తుంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా జైలు. రిజిస్టర్డ్ వైద్యుడు వైద్యం చేస్తుండగా జరిగితే రెండేళ్ల దాకా. ఆ తక్కువ శిక్ష డాక్టరుకే. ఆయాకో, కేంద్రం నడిపే యజమానికో అది లేదు.

డాక్టరు మీద ఫిర్యాదు ఇవ్వగానే ఎఫ్‌ఐఆర్ కడతారని ఆశించవద్దు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టర్ల మీద ముందుకు వెళ్లేముందు అదే విభాగానికి చెందిన, వీలైతే ప్రభుత్వ సర్వీసులో ఉన్న మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలంది. ఆ అభిప్రాయం రావడానికి నెలలు పట్టొచ్చు. "పోలీసు రిపోర్టు వచ్చాక చూద్దాం" అని కూర్చుంటే కమిషన్ గడువు దాటిపోతుంది. పోలీసులు ఫిర్యాదే తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి (నగరంలో కమిషనరేట్‌కు) రాతపూర్వకంగా పంపి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

మెడికల్ కౌన్సిల్ ఫిర్యాదు డాక్టరు మీద మాత్రమే. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు విడివిడిగా కౌన్సిళ్లున్నాయి. హెచ్చరించడం, రిజిస్టరులోంచి పేరు కొన్నాళ్లు తీసేయడం వాటి చేతిలో ఉంది. పైసా పరిహారం ఇప్పించలేవు. ఆసుపత్రి అనుమతులు, సిబ్బంది, సదుపాయాల మీదైతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకు రాయండి.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, వినియోగదారుడు మరణిస్తే వారసులు ఫిర్యాదు చేయవచ్చని స్పష్టంగా ఉంది. గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, ఆ మన్నింపును నమ్ముకుని ఆగవద్దు. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి ఈ చట్టం కిందికి రాదు. 1995లో వీపీ శాంత కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత అది. అదే తీర్పు ప్రకారం బిల్లు బీమా కంపెనీ కట్టినా మీరు వినియోగదారులే.

ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మీరు కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. కట్టింది 50 లక్షల లోపయితే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. ఆసుపత్రికి 4 లక్షలు కట్టి 60 లక్షల పరిహారం అడిగినా జిల్లా కమిషనే. ఫీజు కూడా కట్టిన సొమ్ము మీదే: 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000 రూపాయలు. ఆసుపత్రి ఉన్న జిల్లాలోనే వేయాలని లేదు. మీరు నివసించే జిల్లాలోనూ వేయవచ్చు.

2025 జనవరి 1 నుంచి ఆన్‌లైన్ దాఖలుకు ఈ-జాగృతి పోర్టల్ వచ్చింది. ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి, కమిషన్ ఎంచుకుని, పత్రాలు పీడీఎఫ్‌గా ఎక్కించి, ఫీజు ఉంటే కట్టాలి. ఎక్కించడం కంటే రాయడమే ముఖ్యం. ఫిర్యాదు మొదట్లోనే తేదీల పట్టిక పెట్టండి: చేరిన రోజు, ఫిర్యాదు చేసినా ఎవరూ రాని రోజు, ఐసీయూకి మార్చిన రోజు, పోయిన రోజు. ప్రతి తేదీ పక్కన ఆ సంగతి ఏ పేజీలో ఉందో వేయండి. నోటరీ చేయించిన అఫిడవిట్, బిల్లులు, రికార్డుల దరఖాస్తు, డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మీ వాళ్లు నర్సుకో మేనేజరుకో పెట్టిన వాట్సాప్ మెసేజీలు జతచేయండి. కోపంతో రాసే విశేషణాలు తీసేయండి. "కిరాతకులు" అన్న మాట కంటే "రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా నర్సుల నోట్సులో ఒక్క నమోదూ లేదు" అన్న వాక్యం గట్టిగా పనిచేస్తుంది.

ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో తెలియకపోతే బెంగ వద్దు. 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి డాక్టరునూ, నర్సునూ పేరుపేరునా చేర్చనక్కర్లేదని, నిర్లక్ష్యం జరగలేదని చూపాల్సింది ఆసుపత్రేనని చెప్పింది. నిపుణుడి రిపోర్టు ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదన్నది 2010లో వచ్చిన కిషన్‌రావు తీర్పు. అది హైదరాబాద్ కేసే. మలేరియా జ్వరానికి టైఫాయిడ్ మందులిచ్చారన్నది ఆరోపణ. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) ఇచ్చిన 2 లక్షల పరిహారం పైన కొట్టేయబడి, చివరికి సుప్రీంకోర్టులో నిలిచింది. 2002లో ఆసుపత్రిలో చేరిన మనిషి కోసం 2010 దాకా తిరిగారు. ఈ లెక్క ముందే తెలిసి ఉండటం మంచిది.

దాఖలయ్యాక ఫిర్యాదును స్వీకరించాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. నోటీసు అందాక ఆసుపత్రికి జవాబివ్వడానికి 30 రోజులు, అవసరమైతే ఇంకో 15 రోజులు. ఆ 45 దాటితే పొడిగింపు లేదు. "రాజీకి రండి" అని ఎవరైనా ఒత్తిడి చేస్తే, మరణానికి దారితీసిన వైద్య నిర్లక్ష్యం కేసులను కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపకూడదని 2020 నిబంధనల్లో ఉందని గుర్తు చేయండి. తీర్పు నచ్చకపోతే రాష్ట్ర కమిషన్‌కు 45 రోజుల్లో అప్పీలు.

విదేశాల్లో ఉంటే

వచ్చి నెలల తరబడి ఉండలేని పిల్లలు, ఇక్కడున్న బాబాయికో అక్కకో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. దాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో చేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. దరఖాస్తు పెట్టుకుంటే వీడియో కాన్ఫరెన్స్‌లో వాదన వినిపించే వీలు చట్టంలోనే ఉంది. లాయరు ఫీజు పెట్టుకోలేని మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా లాయరును అడగవచ్చు, నంబరు 15100. ఫిర్యాదు ఎలా వేయాలో తోచకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే మాట్లాడవచ్చు.