జపాన్‌లో కొత్తగా దిగి, చేతిలో కెమెరా ఉన్నవాళ్లకి

మొదటి వారం కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. ముందు ఇల్లు. ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా వార్డు ఆఫీసుకి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఆఫీసుని ఇక్కడ కుయకుషో అంటారు. విమానాశ్రయంలో ఇచ్చిన జైర్యూ కార్డు (విదేశీయులకి ఇచ్చే నివాస గుర్తింపు కార్డు) వెనక కొత్త చిరునామా అచ్చువేసి ఇస్తారు. చట్టం ప్రకారం ఆ కార్డు ఎప్పుడూ దగ్గర ఉండాలి. తెల్లవారకముందే ట్రైపాడ్ భుజాన వేసుకుని నది గట్టు మీద తిరిగేవాళ్లు దాన్ని అస్సలు మర్చిపోకూడదు. పోలీసు ఆపి అడిగితే చూపించాల్సింది అదే.

ఎండ వేళలకి అలవాటు పడటానికి నాకు ఏడాది పట్టింది. టోక్యోలో జూన్ నెలలో నాలుగున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు. డిసెంబరు మొదట్లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. హైదరాబాద్‌లోలాగా ఆఫీసు అయ్యాక ఓ గంట ఫొటోలు తీసుకుందామనుకుంటే చలికాలమంతా చీకటే దొరుకుతుంది. నా మొదటి చలికాలం అలాగే పోయింది. ఆ తర్వాత పొద్దున్నే లేచి, ఆఫీసుకి ముందే తీయడం మొదలుపెట్టాను.

టోక్యో వచ్చే తెలుగువాళ్లు చాలామంది నిషికసాయిలోనో ఆ చుట్టుపక్కలో ఇల్లు తీసుకుంటారు. పచ్చిమిర్చి, కందిపప్పు దొరికే చోటు కదా అని. ఫొటోలకి కూడా అది మంచి చోటు. పక్కనే అరకావా నది. సబ్‌వే అని పేరే కానీ తోజై లైన్ రైలు అక్కడ నేల మీదికి వచ్చి వంతెన దాటుతుంది. దక్షిణాన కసాయి రింకై పార్కు, దాని ముందు సముద్రం. చలికాలం ఉదయం గాలి పొడిగా, తేటగా ఉన్న రోజు అక్కడి నుంచి ఫుజి కొండ కనిపిస్తుంది, దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి. మొదటిసారి చూసినప్పుడు నేను షట్టర్ నొక్కడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాను.

అందుకే చెబుతున్నాను, వచ్చిన నెలలోనే క్యోటోకి పరిగెత్తకండి. మీ వీధినే నాలుగు రుతువులూ చూడండి. మార్చి చివర్లో సకురా, అంటే చెర్రీ చెట్టు, పూస్తుంది. యసుకుని ఆలయంలో ఒక గుర్తు చెట్టు ఉంది. దానికి అయిదారు పూలు విచ్చుకోగానే టోక్యోలో సకురా వచ్చిందని వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. అక్కడి నుంచి నిండుగా పూయడానికి సుమారు వారం. అన్నీ కలిసికట్టుగా ఎలా పూస్తాయంటే, ఎక్కువగా నాటిన సొమెయి యొషినో రకం మన అంటుమామిడిలాగా అంటుకట్టి పెంచింది. ఏ చెట్టు చూసినా ఒకే మొక్క అంశ. నిండుగా పూసిన రోజు ఆఫీసులో సెలవు దొరక్కపోయినా టెన్షన్ పడకండి. రాలిన రేకులు కాలవ నీళ్ల మీద పరుచుకుని తేలుతుంటే దాన్ని హనయికదా అంటారు, పూల తెప్ప అని. నాకు చెట్టు మీది పూలకంటే అదే ఇష్టం.

మనుషుల ఫొటోల దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. మన ఊళ్లో సంతలో కెమెరా ఎత్తితే నలుగురు నవ్వుతూ ముందుకొస్తారు. ఇక్కడ ముఖం గుర్తుపట్టేలా తీసి అడగకుండా నెట్‌లో పెట్టడం తప్పు. షోజోకెన్, అంటే తన రూపం మీద మనిషికి ఉండే హక్కు, కోర్టులు కూడా గుర్తించిన విషయం. జపాన్‌లో అమ్మే ఫోన్లు సైలెంట్‌లో పెట్టినా ఫొటో తీస్తే చప్పుడు చేస్తాయి, రైళ్లలో దొంగచాటుగా తీసేవాళ్ల వల్లే. ఇండియా నుంచి తెచ్చిన ఫోన్ చప్పుడు చేయదు కదా అని రైల్లో ఎదుటివాళ్ల వైపు ఎత్తకండి. పిల్లల్ని వాళ్ల అమ్మానాన్నల్ని అడగకుండా తీయనే వద్దు.

అడగడానికి ఒక వాక్యం చాలు: "సుమిమాసెన్, షాషిన్ ఓ తొత్తెమో ఈ దెస్ కా?" ఫొటో తీసుకోవచ్చా అని. చెయ్యి అడ్డంగా ఊపినా, మెల్లగా "చొత్తో..." అని ఆగిపోయినా వద్దనే అర్థం. తల కొంచెం వంచి పక్కకి తప్పుకోండి. "సత్సుయేయి కిన్షి" (撮影禁止) అన్న బోర్డు అక్షరాల్ని మొదటి రోజే గుర్తుపెట్టుకోండి. ఫొటోలు నిషేధం అని దానర్థం. గుడి ఆవరణలో తీయనిచ్చినా లోపల బుద్ధుడి ముందు తీయనివ్వని చోట్లు చాలా ఉన్నాయి, ట్రైపాడ్ కూడా చాలాచోట్ల కుదరదు.

క్యోటోలో గియోన్ అనే పాత పేటలోని ప్రైవేటు సందుల్లో ఫొటో తీస్తే 10,000 యెన్లు కట్టాలని బోర్డులు పెట్టారు. పనికి వెళ్తున్న మైకోలని, అంటే గెయిషా కళలు నేర్చుకుంటున్న అమ్మాయిల్ని, పర్యాటకులు వెంటపడి విసిగించడం వల్ల వచ్చిన గతి అది. ఫుజికవాగుచికో అనే ఊళ్లో ఒక దుకాణం వెనక ఫుజి కనిపించే చోట జనం రోడ్డు దాటే తీరు భరించలేక 2024 మేలో ఊరివాళ్లు నల్లటి తెర కట్టేశారు. ఆ వార్త చూసి నాకు సిగ్గేసింది. ఆ గుంపులో ఉన్నది మనలాంటి కెమెరా పిచ్చివాళ్లే.

కెమెరా కొనాలంటే షింజుకు, నకానో దుకాణాల్లో సెకండ్ హ్యాండ్ చూడండి, ఉన్న లోపాన్ని చీటీ మీద రాసి పెడతారు. కబి అంటే బూజు, కుమొరి అంటే అద్దం మసకబారడం. జంక్ అని రాసుంటే గ్యారంటీ ఉండదు, తిరిగి తీసుకోరు. ఇక్కడి మార్కెట్ కోసం చేసిన సోనీ కెమెరాల్లో చాలావాటికి మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, కొనేముందు అడగండి. జూన్, జూలై వానల్లో ఇల్లంతా చెమ్మ. నా పాత లెన్సు ఒకటి అల్మరాలోనే బూజు పట్టింది. బోషిత్సుకో అనే పొడి పెట్టె కొనలేకపోతే మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి.

వాన రోజుల్లో ఎబిసులోని టోక్యో ఫొటో మ్యూజియానికి వెళ్లండి. కాస్త డబ్బు కూడాక ఉత్తరాన యమగతలోని సకతాకి వెళ్లండి. ఫొటోగ్రాఫర్ దొమొన్ కెన్ పేరు మీది మ్యూజియం అక్కడుంది, 1983లో తెరిచారు. పక్షవాతంతో చక్రాల కుర్చీకి పరిమితమయ్యాక కూడా ఆయన నారా ప్రాంతంలోని మురోజి అనే బౌద్ధ ఆలయం మీద మంచు కురిసే రోజు కోసం ఎదురుచూసి, ఆ ఫొటో తీశారు. ఆయన తీసిన బుద్ధుడి చేతుల ముందు నేను చాలాసేపు కూర్చున్నాను.

ఇంకొక్కటి. ఎవరైనా ఒప్పుకుని ఫొటో తీయనిస్తే, ఎల్ సైజు (ఇక్కడి మామూలు ఫొటో సైజు) ప్రింట్ వేయించి తీసుకెళ్లి ఇవ్వండి, రెండు చేతులతో. మా వీధిలో తోఫు అమ్మే పెద్దావిడ నేనిచ్చిన ప్రింట్‌ని గల్లాపెట్టె వెనక అంటించుకున్నారు. ఇప్పుడు నేను కనబడితే, ఇవాళ వెలుతురు ఎలా ఉందని ఆవిడే ముందు అడుగుతారు.