చెరువు చేపను చదవడం – మూడవ పాఠం: జన తూకం

చెరువు నీటిలో కలిసిన లోహాల జాడను చేప ఒంట్లో వెతకడానికి గత రెండు పాఠాలలో మొప్పల రంగును, వాటిపై పేరుకొనే జిగురును, కాలేయపు తీరును పరిశీలించాము. ఇప్పుడు జనను, అంటే ఆడచేప కడుపులోని గుడ్ల ముద్దను, తూస్తాము. ఈ పాఠానికి కావలసినవి గ్రాము తేడాను చూపే తూకం, కత్తి, నోటుబుక్కు, మిరుగు (మృగశిర కార్తె) తరువాతి రోజులలో పట్టిన రెండేళ్ళు దాటిన రవ్వ (రోహు) చేపలు. మృగశిర కార్తె నాడు వరంగల్‌లో చేప వండని ఇల్లు అరుదు కనుక, అభ్యాసాన్ని వంటింట్లోనే మొదలుపెట్టవచ్చును. అయితే అమ్మేవారు చెప్పే ‘లోకల్’ అనే మాటతో సరిపెట్టుకోకుండా, ఏ చెరువో అడిగి రాసుకోండి.

ముందు చేపను నిండుగా తూచండి. తరువాత మలద్వారం నుండి మొప్పల వైపుగా, మొన లోతుకు దిగకుండా పొట్ట కోయండి. ఆడచేపలో రెండు పొడవాటి సంచులుగా జన కనిపిస్తుంది. దానిని చిట్లకుండా తీసి, తడి అద్ది తూచి, ఆ బరువును చేప బరువుతో భాగించి 100తో హెచ్చించండి; వచ్చే అంకెను సూచిక అందాము. 1,200 గ్రాముల చేపలో 168 గ్రాముల జన ఉన్నదనుకుందాము, సూచిక 14. అదే వారం మరొక చెరువులో పట్టిన అంతే బరువు గల చేపలో 60 గ్రాములే ఉంటే, సూచిక 5.

ఈ తేడాకు లోహాలు ఎలా కారణమవుతాయో చూద్దాము. గుడ్డులోని సొనకు మూలమైన విటెలోజెనిన్ అనే ప్రోటీన్ అండాశయంలో కాక, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ప్రేరణతో కాలేయంలో తయారై రక్తం ద్వారా గుడ్డును చేరుతుంది. కాడ్మియం మొప్పలలో కాల్షియం పోయే దారినే లోపలికి దూరి కాలేయంలో నిలిచిపోతుంది. మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ దానిని కొంతవరకు బంధించి ఉంచినా, ఆ పట్టు చాలనప్పుడు విటెలోజెనిన్ తగ్గి, సగం పెరిగిన గుడ్లు అక్కడే క్షీణిస్తాయి. భూతద్దంతో చూస్తే అటువంటి గింజలు గుండ్రదనం కోల్పోయి, ముడుచుకొని, మసకగా ఉంటాయి. కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో కాడ్మియం చొరబాటు తగ్గుతుంది కనుక నీటి కఠినత్వాన్ని కూడా నమోదు చేయాలి. పాదరసం దారి వేరు: బురదలోని బ్యాక్టీరియా దానిని మిథైల్ పాదరసంగా మార్చగా, అది పురుగుల నుండి చిన్న చేపలకు, వాటి నుండి కొర్రమీనుకు పోతూ మోతాదు పెంచుకుంటుంది. మగచేపలలో వీర్యకణాల చలనం మందగిస్తుంది, కాని అది సూక్ష్మదర్శిని లేనిదే తెలియదు.

తూకం తగ్గినంత మాత్రాన లోహమే దోషి అనరాదు. మేత చాలకపోయినా జన తగ్గుతుంది. రవ్వ నిలువ నీటిలో సాధారణంగా గుడ్లు పెట్టదు కాబట్టి, వానాకాలం గడిచాక శుభ్రమైన చెరువులోనూ ఆ గుడ్లు కరిగి ఒంట్లో కలిసిపోతాయి. దసరా నాటి తూకాన్ని మిరుగు నాటి తూకంతో పోల్చడం నేను తరచుగా చూసే పొరపాటు. ఏ లోహమో తేల్చవలసింది ప్రయోగశాలయే. తాగునీటిలో కాడ్మియానికి భారతీయ ప్రమాణం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు; అంత స్వల్ప పరిమాణం కంటికీ నాలుకకూ అందదు.

అభ్యాసం: మన గొలుసుకట్టు చెరువులు ఇందుకు చక్కగా పనికివస్తాయి. పై చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువుకు చేరేలోగా ఊరి మురుగు కలిసే చోటు ఒకటి ఎంచుకొని, ఒకే వారంలో పై చెరువువి పది, దిగువవి పది ఆడచేపలను తూచి, సూచికలను రెండు వరుసలుగా రాయండి. ఆ కాగితాన్ని దాచుకోండి; నాలుగవ పాఠంలో వాటి సగటులను పోల్చుతాము.